టాటా మొబైల్ పికప్పు, పద్మిని కారు: పక్కపక్కన పెట్టి చేస్తున్న పని డైరీ

రెండు బండ్లూ కావలిలో ఒకే రేకుల షెడ్డు కింద ఉన్నాయి. ఒకటి 96 మోడల్ టాటా మొబైల్ 206, ఏపీ 26 బండి, ఇస్కపల్లి వైపు రొయ్యల చెరువులకు ఐసు తోలి తోలి అలిసిపోయింది. రెండోది 94 మోడల్ ప్రీమియర్ పద్మిని, ఏపీ 27, ఒంగోలులో మా మేనమామ ఇంటి వసారాలో కవరు కప్పుకుని ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయింది. పాత బండి బాగుచేసుకుందామనుకునే వాళ్లు పికప్పు మేలా, పాత కారు మేలా అని అడుగుతుంటారు. చెప్పేవాళ్లు అందం గురించో మైలేజీ గురించో చెబుతారు. ఎక్కడ ఏం పోయింది, దేనికి ఎంతయింది, చేసిన పనిలో ఏది తిరగబడింది అనేది ఎవరూ చెప్పరు, ఇక్కడ అదే రాస్తున్నాను. లెక్కల్లో బండి కొన్న ధర లేదు. సామాను, కూలీ రెండూ ఉన్నాయి.

దశ 1: స్పానర్ పట్టకముందు

ఇంజను స్టార్టయితే బండి బాగున్నట్టే అని మనవాళ్ల లెక్క. నా లెక్క దానికి తలకిందులు. ఇంజను పోతే నెల్లూరు ఆటోనగర్ ఉంది, తుప్పు పట్టి సగం పోయిన బాడీకి విడిభాగం ఎవడూ అమ్మడు. అందుకే ముందు తుప్పు, తర్వాత ఇంజను.

వాడిన సామాను: పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం, పొడుగు స్క్రూడ్రైవరు, టార్చి, మందం కొలిచే వెర్నియర్, మల్టీమీటరు, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీలు రెండు. రెండెందుకంటే, పెట్రోలు గేజీ 300 పీఎస్ఐ దగ్గర అయిపోతుంది, డీజిల్ ఇంజను దాన్ని దాటేస్తుంది, ఒక్క తిప్పుకే ముల్లు పాడవుతుంది. డీజిల్‌కి 1000 పీఎస్ఐ దాకా చూపించే గేజీ కావాలి, హీటర్ ప్లగ్గు (చల్లటి డీజిల్ ఇంజను స్టార్టవడానికి లోపల వేడి చేసే ప్లగ్గు) మరకు సరిపోయే అడాప్టరు కూడా దాంతోపాటే అడిగి తీసుకోండి. గేజీలు, వెర్నియర్ కలిపి రూ. 4,700. ఇది ఏ బండి ఖాతాలోనూ వేయలేదు.

1. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి డోర్ల కింది భాగం, చక్రాల పైన ఉండే వంపుల చుట్టూ జరపాలి. పట్టు వదిలేసిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది.
2. మ్యాట్లు, సీట్లు తీసి నేల చూడాలి. పైన బాగుంది కదా అని వదిలేయకూడదు, కింద నుంచి కూడా చూడాలి.
3. కింద దూరి స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవాలి. ఓనరు పక్కనే నిలబడి ఉంటే మొహమాటం వేస్తుంది. అయినా పొడవాలి.
4. డోర్లు వేసి, సందులు పైన ఎంత, కింద ఎంత అని కొలిచి రాసుకోవాలి.

పికప్పు చూడటానికి ఘోరంగా ఉంది. తొట్టి నేలలోంచి రోడ్డు కనిపిస్తోంది, వెనక డోరు కొక్కేలకు బదులు బైండింగు వైరు కట్టి ఉంది. పద్మిని మాత్రం మెరుస్తోంది, ఎప్పుడో ఎవరో రంగు కొట్టించారు. కానీ అయస్కాంతం ఎడమవైపు డోర్ల కింద జర్రున జారింది. ఎడమ ముందు డోరు వెనక అంచు దగ్గర సందు పైన 3 మి.మీ., కింద 8 మి.మీ. ఉంది. డోరు వంకర కాదు, కీళ్లు అరిగిందీ లేదు, బాడీయే మధ్యలో కిందికి దిగింది.

అది ఎందుకు ముఖ్యమంటే, పద్మినికి విడిగా ఛాసిస్ లేదు. నేల, డోర్ల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డు పెట్టెలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డు చేసిన ఒకే బాడీ, బరువంతా మోసేది అదే. టాటా మొబైల్‌కి కింద నిచ్చెన ఆకారంలో ఛాసిస్ ఉంది, క్యాబిను, తొట్టి దాని మీద బోల్టులతో కూర్చున్నాయి. పికప్పులో కంటికి కనబడే తుప్పు చాలావరకు విప్పి పారేసేదే. కారులో కనబడని తుప్పు బండి నడుములో ఉంటుంది. మా టింకరింగ్ మేస్త్రి పద్మిని కింద పడుకుని రన్నింగ్ బోర్డులోకి స్క్రూడ్రైవరు పిడిదాకా దించి, “ఏంది సామీ, ఇందులో రేకు యాడుందో నువ్వే చూపీ” అన్నాడు.

ఇప్పటిదాకా: పికప్పు 0, కారు 0.

దశ 2: పికప్పు తొట్టి, ఛాసిస్

తొట్టి బోల్టుల్లో స్పానరుకు తిరిగింది ఒక్కటీ లేదు, అన్నీ గ్యాసుతో కోశాం. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు ముందే తీసి దూరంగా పెట్టాలి, తడి గోనెపట్టా, బక్కెట్టు నీళ్లు పక్కనే ఉండాలి.

తొట్టి లేచాక అసలు విషయం బయటపడింది. ఛాసిస్ పైభాగం పర్వాలేదు. వెనక కమాను కట్టల (లీఫ్ స్ప్రింగుల) బ్రాకెట్టు ఛాసిస్‌కి ఆనుకునే చోట, రెండు ఇనుములకీ మధ్య సందులో తెల్లగా, తడిగా ఏదో దట్టించినట్టు ఉంది. ఎండ మండిపోతున్నా అది ఆరలేదు. వేలితో గీకితే ముద్దగా వచ్చింది. మేస్త్రి నాలుక కొసకి తాకించి చూసి, “ఉప్పే” అని ఉమ్మేశాడు. ఐసు పెట్టెల్లోంచి కారిన రొయ్యల నీళ్లు ఇన్నేళ్లూ ఆ సందులోకే దిగాయి. ఉప్పు గాల్లో తేమను లాక్కుంటుంది కాబట్టి ఎండాకాలంలో కూడా అక్కడ తడి ఆరదు, తుప్పు ఆగదు.

వెర్నియర్ పెడితే క్యాబిను కింద బాగున్న చోట 4.1 మి.మీ., బ్రాకెట్టు దగ్గర 2.8. వెనక క్రాస్ మెంబరు (ఛాసిస్ రెండు పక్కల్నీ కలిపే అడ్డపట్టీ) ఒకటి చేత్తో విరిగింది.

మొదటి విడత పని తిరగబడింది. వైరు బ్రష్షు కొట్టి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే తుప్పు మందు పూసి, ప్రైమరు కొడితే చూడటానికి బ్రహ్మాండంగా వచ్చింది. ఒక వాన పడ్డాక ప్రైమరు కింద చిన్న చిన్న బొబ్బలు. తుప్పు గుంటల్లో ఉప్పు అలాగే మిగిలితే పైన ఎంత ఖరీదైన రంగేసినా అంతే. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి కొలత నీళ్ల మీద పెట్టాను. మా బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడిగినట్టే కాదు. తాగునీళ్ల ట్యాంకరు తెప్పించి, మంచినీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో చూసుకునే టీడీఎస్ మీటరు పెట్టాం. ట్యాంకరు నీళ్లు 240 చూపించాయి. ఛాసిస్ మీద నుంచి కారిన నీళ్లు డబ్బాలో పట్టి చూస్తే మొదట 3,000 దాటింది. ప్రెషరు పంపుతో కడగడం, ఆరనివ్వడం, మళ్లీ కడగడం, అలా 300 చిల్లరకి దిగేదాకా చేశాం. తర్వాత కొట్టిన ప్రైమరుకి బొబ్బ రాలేదు. సముద్రం పక్క ఊళ్లలో బండి కొన్నవాళ్లు ఈ ఒక్క పనీ ఎగ్గొట్టవద్దు. మందులు, ప్రైమర్లు అమ్మేవాడు దీని గురించి చెప్పడు, వాడికి దీంట్లో వచ్చేదేం లేదు.

పల్చబడిన చోట ఛాసిస్‌కి ఇనుప పట్టీలు వేసిన పద్ధతి:

1. బండిని కమాను కట్టల మీద కాకుండా ఛాసిస్ కిందే నాలుగు చోట్ల సమంగా స్టాండ్లు పెట్టి నిలబెట్టాం. మూలల మధ్య అడ్డదిడ్డంగా టేపు పెట్టి రెండు కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో చూశాం. 2 మి.మీ. తేడా వచ్చింది, దాన్ని వదిలేశాం.
2. బ్యాటరీ విప్పాం. ఆల్టర్నేటరు వైర్లు కూడా.
3. పట్టీ చివర్లు నిటారుగా కోయకుండా ఏటవాలుగా కోశాం. నిటారుగా కోసి అడ్డంగా వెల్డు పెడితే ఆ గీత దగ్గరే ఛాసిస్ చిట్లుతుంది.
4. పై అంచు, కింది అంచుల్లో కొత్త రంధ్రం ఒక్కటి కూడా వేయలేదు. వేయాల్సి వస్తే ఛాసిస్ నిలువు పక్కన వేయాలి.
5. పట్టీ లోపలి సందుల్లోకి మైనం కలిసిన తుప్పు నివారణ స్ప్రే కొట్టాం. వాడేసిన ఇంజనాయిలు కొట్టమని అందరూ చెబుతారు, అది కమాను కట్టల రబ్బరు బుష్షుల మీద పడితే అవి ఉబ్బి పాడవుతాయి.

కొత్త తొట్టి 2 మి.మీ. గళ్ల ప్లేటుతో ఇక్కడే కట్టించాం. నీళ్లు నిలవకుండా మూలల్లో రంధ్రాలు, వాటికి కింద ఛాసిస్‌ని తప్పించి దిగే గొట్టాలు పెట్టించాను. పాత తొట్టిలో ఆ గొట్టాలు లేకపోవడం వల్లే ఇంత పని.

విప్పి కోసిన కూలీ 3,500. క్రాస్ మెంబరు, పట్టీలు, వెల్డింగు 14,000. తొట్టి 31,500. కడగడం, ప్రైమరు 4,200.

ఇప్పటిదాకా: పికప్పు రూ. 53,200, కారు 0.

దశ 3: పద్మిని నడుము

ఈ దశే ఎక్కువ కాలం తీసుకుంది, డబ్బు కంటే ఓపిక ఎక్కువ తినేసింది.

ఎడమ రన్నింగ్ బోర్డు పూర్తిగా, నేల ముందు భాగంలో వార్తాపత్రిక సగం పేజీ అంత, వెనక కమాను కట్ట ముందు చివర బిగించే చోటు, ఇవి మార్చాలి. తయారుగా దొరికే రన్నింగ్ బోర్డు కోసం చెన్నైలో బండ్ల సామాను అమ్మే జీపీ రోడ్డు, పుదుపేట రెండూ తిరిగాం. బ్రేకు సామాను, ఇంజను సామాను దొరికాయి, రేకు భాగాలు లేవు. పద్మిని తయారీ 2000 ప్రాంతంలోనే ఆగిపోయింది. ముంబైలో కాలీ పీలీ (నలుపు పసుపు) టాక్సీలు తిరిగినన్నాళ్లు వాటి కోసమైనా సామాను వచ్చేది, చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. ఇక మిగిలింది మేస్త్రి చేయి ఒక్కటే.

కుడివైపు రన్నింగ్ బోర్డు బాగుంది కాబట్టి దాని మీద అట్ట పెట్టి అచ్చు తీశాం, తిప్పి వేస్తే ఎడమది. బయటి రేకు 20 గేజి, అంటే 0.9 మి.మీ. లోపలి బలం రేకు 18 గేజి, 1.2 మి.మీ. అంతకంటే మందం వేస్తే గట్టిగా ఉంటుందని అనిపిస్తుంది కానీ పక్కనున్న పాత పల్చటి రేకు వెల్డు అంచున చిరుగుతుంది.

మొదటి ప్రయత్నం వేరే షాపులో చేయించాం. వాళ్లు ఆర్క్ వెల్డింగుతో ఒక చివర నుంచి ఇంకో చివరకి ఏకధాటిగా కుట్టు వేసుకుంటూ పోయారు. చల్లారాక డోరు సందు కొలిస్తే పైన 3 కాస్తా 1.5 అయింది, డోరు వేస్తే గీసుకుంటోంది. వేడికి రేకు గుంజుకుని, అసలే దిగిన బాడీని ఇంకాస్త లాగేసింది. ఆ కూలీ 6,000 పోయింది, వెల్డంతా గ్రైండరుతో కోసి తీయడం అదనం.

రెండోసారి మా మేస్త్రి చేసిన వరస ఇది:

1. కారు బరువు చక్రాల మీద లేకుండా, ముందు వెనక బలమైన చోట్ల స్టాండ్ల మీద పెట్టడం. నడుము కింద జాకీ పెట్టి డోరు సందు చూసుకుంటూ కొంచెం కొంచెం ఎత్తడం. పైన 5, కింద 5.5 వచ్చాక ఆపాం.
2. ఆ స్థితిలో డోరు ఖాళీలో అంగుళం చదరపు పైపులు అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఒకటి తాత్కాలికంగా వెల్డు చేయడం. అసలు రహస్యం ఇదే. పైపులు పెట్టకుండా రన్నింగ్ బోర్డు కోస్తే బాడీ ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.
3. పాత రేకు ఒక్కసారి మొత్తం కోయకుండా మొదట వెనక సగం, అది కుట్టాక ముందు సగం.
4. సీఓటూ వెల్డింగుతో (గ్యాసు వదులుతూ సన్న వైరుతో చేసే వెల్డింగు) చుక్కలు మాత్రమే, ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర, ఒకటి మధ్యలో. చేయి పెట్టి చూసి వెచ్చదనం పోయాకే తర్వాతి చుక్క.
5. ప్రతి వరసకీ డోరు వేసి సందు కొలవడం.
6. అంతా అయ్యాక పైపులు కోయడం. కోశాక సందు పైన 4.5, కింద 5.5. ఇంతకంటే సమంగా రాదు, కంపెనీ నుంచి వచ్చినప్పుడు కూడా ఇంత సమంగా ఉందని నేననుకోను.

రన్నింగ్ బోర్డు కింది అంచున నీళ్లు దిగే రంధ్రాలు మళ్లీ వేయించండి. కొత్త రేకు వేసేటప్పుడు చాలామంది వాటిని మూసేస్తారు, రెండు వానాకాలాల్లో మళ్లీ అదే కథ.

రేకులు 5,800. పోయిన వెల్డింగు 6,000. టింకరింగ్ కూలీ 46,000. పైపులు 1,900. ప్రైమరు, సీలెంటు 5,300.

ఇప్పటిదాకా: పికప్పు రూ. 53,200, కారు రూ. 65,000.

పికప్పు లెక్కలో సగం కంటే ఎక్కువ తొట్టికి పోయింది, తొట్టి అంటే సరుకు. కారు లెక్కలో ముప్పావు వంతు కూలీ. సరుకు ధర ముందే అడిగి తెలుసుకోవచ్చు, టింకరింగ్ కూలీ మాత్రం కోసి చూసేదాకా ఎవరూ చెప్పలేరు. పాత కారు బేరమాడేటప్పుడు అమ్మేవాడు ఇంజను మోత వినిపిస్తాడు, మీరు కిందికి దూరండి.

దశ 4: ఇంజన్లు

పద్మినిది 1089 సీసీ పెట్రోలు, బోరు (సిలిండరు వెడల్పు) 68, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 75 మి.మీ. టాటా మొబైల్‌ది 1948 సీసీ డీజిల్, బోరు 83, స్ట్రోకు 90. ఇదే డీజిల్ ఇంజను మొదట్లో వచ్చిన సుమోల్లోనూ, సియెరాల్లోనూ ఉంది కాబట్టి సామాను ఇప్పటికీ దొరుకుతోంది, షాపులో టాటా మొబైల్ అని కాకుండా 1948 సుమో అని అడిగితే త్వరగా తీసిస్తారు. హెడ్ గ్యాస్కెట్ కొనేముందు బోరు ఎంత సైజుకి కొట్టించారో కొలవండి, పాత ఇంజన్లు ఎన్నిసార్లు బోరింగుకి వెళ్లాయో పుస్తకంలో ఉండదు.

కంప్రెషన్ పీఎస్ఐలో, ఇంజను వేడెక్కాక, పెట్రోలుకి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, ప్లగ్గులన్నీ తీసి:

పద్మిని: 118, 121, 84, 116.
పికప్పు: 390, 380, 385, 345.

పద్మిని మూడో సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలిస్తే 88. రింగులు పోయి ఉంటే ఇంకా బాగా పెరగాలి. పెరగలేదు కాబట్టి వాల్వు. హెడ్డు దించితే ఎగ్జాస్టు వాల్వు అంచు కాలి ఉంది. వాల్వు, సీటు మార్పించి హెడ్డు అడుగు చదును చేయించాం (హెడ్ ఫేసింగ్). అల్యూమినియం హెడ్డు, ఇంజను పూర్తిగా చల్లారాకే విప్పాలి, బిగించేటప్పుడు మధ్య బోల్టుల నుంచి బయటికి, విడతలు విడతలుగా టార్కు రెంచితో. డీజిల్ ఇంజనులో ఈ ఆయిలు పరీక్ష చేయకండి. పైన ఖాళీ చాలా తక్కువ, ఆయిలు కాస్త ఎక్కువైతే పిస్టను దాన్ని నలపలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

పికప్పు కంప్రెషన్ బాగానే ఉంది, అయినా తెల్లారి స్టార్టవడానికి చచ్చేంత తిప్పలు. తెల్ల పొగ, దడదడ, ఆగిపోవడం. ఈ ఇంజనుకి చల్లగా ఉన్నప్పుడు హీటర్ ప్లగ్గులు తప్పనిసరి. మల్టీమీటరుతో చూస్తే నాలుగింటిలో రెండు తెగిపోయాయి. నాలుగూ మార్చాం. స్టార్టవుతోంది, కానీ కొన్ని రోజులు బాగుండి, కొన్ని రోజులు మళ్లీ అదే రోగం.

ఇంజను పనుల్లో దీన్ని పట్టుకోవడానికే ఎక్కువ టైము పట్టింది, ఎక్కువ టెన్షన్ పెట్టింది. నాజిళ్లకి డీజిల్ కొట్టే పంపు పోయిందని ఒకరు, ట్యాంకు నుంచి దానికి డీజిల్ అందించే ఫీడ్ పంపు అని ఒకరు. పంపు విప్పితే పాతిక వేలు. విప్పేముందు పంపులోకి వెళ్లే డీజిల్ పైపులో జానెడు ముక్క తీసి, లోపల కనబడే ప్లాస్టిక్ పైపు వేశాం. ఇంజను తిరుగుతుంటే అందులో సన్నటి బుడగలు వరసగా పోతున్నాయి. ఎక్కడో గాలి లాగుతోంది. రాగి వాషర్లన్నీ మార్చాం, బుడగలు తగ్గలేదు. అప్పుడు డైరీ వెనక్కి తిప్పితే ఒకటి కనబడింది, ట్యాంకు నింపిన తర్వాతి రోజుల్లో ఇబ్బంది లేదు, సగానికి దిగాకే మొదలు. ట్యాంకు లోపల డీజిల్ పైకి లాగే గొట్టం బయటికి తీసి, ఒక చివర మూసి నీళ్లలో ముంచి ఊదితే మధ్యలో గుండుసూది మొనంత రంధ్రం. ట్యాంకు నిండుగా ఉంటే ఆ రంధ్రం డీజిల్లో మునిగి ఉంటుంది, మట్టం దిగితే గాలి లాగుతుంది. గొట్టం కొత్తది వేస్తే రోగం కుదిరింది.

పంపుని తర్వాత ఎలాగూ విప్పాల్సి వచ్చింది, పొగ కోసం. బీఎస్ 4 (కాలుష్య ప్రమాణం) కంటే ముందు డీజిల్ బండ్లకి పొగ పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత). మాది 78 చూపించింది. నాజిళ్లు టెస్టరు మీద పెడితే రెండు పిచికారీ కొట్టకుండా చుక్కలు కారుస్తున్నాయి. నాజిళ్లు, పంపు సీళ్లు, క్యాలిబ్రేషన్ అయ్యాక 47.

పద్మినికి ఇంధనం వైపు గోల వేరు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ కారు పుట్టినప్పటి రబ్బరు దానికి తట్టుకోదు. ఫ్యూయల్ పంపు డయాఫ్రం మెత్తబడింది, పైపుల లోపలి పొర నల్లగా ఊడి కార్బురేటరు జెట్టులో ఇరుక్కుంది. జె30 ఆర్9 అని ముద్ర ఉన్న పైపులు తెచ్చి మొత్తం మార్చాం. మామూలు పెట్రోలు పైపు చవకగా వస్తుంది, దీని ధర ఎక్కువే, అయినా ఇదే వేయండి. ఇథనాల్ నీటిని కూడా పట్టుకుంటుంది కాబట్టి కారు నెలల తరబడి నిలబెట్టేటట్టయితే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకూడదు.

ట్యాంకు తుప్పు తీసిన పద్ధతి:

1. ట్యాంకు దించి, సబ్బు నీళ్లతో పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా కడగడం. వాసన ఉంటే తర్వాతి పని చేయకూడదు.
2. నాలుగు లీటర్లకి పెద్ద చెంచాడు చాకలి సోడా చొప్పున కలిపి నింపడం.
3. మూతి లోంచి ఇనుప చువ్వ దించడం, ట్యాంకుకి తగలకుండా పీవీసీ ముక్కతో ఆపడం. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వ వాడకూడదు, అందులోంచి విషపు క్రోమియం నీళ్లలో కలుస్తుంది.
4. బ్యాటరీ ఛార్జరు మైనస్ ట్యాంకుకి, ప్లస్ చువ్వకి. ఆరుబయట పెట్టాలి, హైడ్రోజన్ వస్తుంది. ఛార్జరు ఆపాకే క్లిప్పులు తీయాలి.

తుప్పంతా బురదలా దిగింది, దాంతోపాటు తుప్పు మూసి ఉంచిన మూడు చిల్లులూ తెరుచుకున్నాయి. రేడియేటరు షాపులో టంకం పెట్టించాం.

పికప్పు: హీటర్ ప్లగ్గులు 2,800, గొట్టం, వాషర్లు, ఫిల్టర్లు 2,150, నాజిళ్లు, పంపు 19,500, ఆయిళ్లు 3,600. కారు: హెడ్డు పని 9,800, కార్బురేటరు, పంపు, పైపులు 4,350, ట్యాంకు 700, పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గులు 1,650, రేడియేటరు 3,500.

ఇప్పటిదాకా: పికప్పు రూ. 81,250, కారు రూ. 85,000.

దశ 5: బ్రేకులు, టైర్లు

పికప్పుకి బ్రేకు షూలని నెట్టే వీల్ సిలిండర్లు నెల్లూరులో కౌంటరు మీద దొరికాయి, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేశాం. పద్మినికి నాలుగూ డ్రమ్ము బ్రేకులే. సిలిండర్ల రబ్బరు కిట్లు చెన్నైలో దొరికాయి, వేశాం, రెండు వారాల్లో వెనక కుడివైపు మళ్లీ కారింది. సిలిండరు లోపల వేలు పెడితే గోటికి గుంటలు తగులుతున్నాయి. గోటికి గుంట తగిలితే రబ్బరు కిట్టు ఎన్నిసార్లు మార్చినా దండగే. లేత్‌లో బోరు చేయించి లోపల ఇత్తడి గొట్టం దిగ్గొట్టించి, మళ్లీ పాత సైజుకి నునుపుగా హోనింగు చేయించాం. నాలుగింటికీ ఒకేసారి చేయించాం, ఒకటి చేయించి మిగతా మూడు ఎప్పుడు కారతాయా అని చూడటం ఎందుకు.

పికప్పు: సిలిండర్లు, షూలు 9,600, మాస్టర్ సిలిండరు 2,400, టైర్లు 22,000, యూ బోల్టులు, బుష్షులు 4,750. కారు: సిలిండర్లు 7,200, షూలకి లైనింగు 2,800, టైర్లు 16,000, హోసులు 1,500.

ఇప్పటిదాకా: పికప్పు రూ. 1,20,000, కారు రూ. 1,12,500.

ఇక్కడికి రెండూ రోడ్డు మీద తిరిగే స్థితికి వచ్చాయి, కారే కాస్త చవక. పాత కారు అంటే ఆస్తులు అమ్ముకోవాలి అనేవాళ్లు ఈ గీత దగ్గర ఆగి చూడాలి.

దశ 6: రంగు, రబ్బర్లు, మెరుపు సామాను

పికప్పుకి ఎనామిల్ రంగు, 11,000. మూలల్లో బ్రష్షుతోనే వేశాం, ఎవరూ అడగలేదు.

కారుకి అలా కుదరదు. పాత పుట్టీ అంతా గీకితే కొన్నిచోట్ల 6 మి.మీ. మందం ఉంది. రంగు 58,000. డోరు రబ్బర్లు, అద్దాల రబ్బర్లు 14,500, క్రోమ్ పూత 17,000, సీట్లు 16,000. రబ్బర్లలో వెనక అద్దానిది రెండుసార్లు కొన్నాం, మొదటిది మూల దగ్గర ముడతపడి నీళ్లు వదిలింది. క్రోమ్ చేయించేవాళ్లు ముందుగా పాత పూత తీశాక సామాను ఒకసారి చూపించమనండి, గుంటలు నింపకుండా పూత వేస్తే ఆ గుంటలు ఇంకా బాగా కనబడతాయి.

ఇప్పటిదాకా: పికప్పు రూ. 1,31,000, కారు రూ. 2,18,000.

దశ 7: కాగితాలు, రోడ్డు

పద్మిని ఆర్సీ మేనమామ పేరు మీదే ఉంది, ఆయన లేరు. వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31, పదిహేనేళ్లు దాటిన సొంత బండి రిజిస్ట్రేషన్ పొడిగించడానికి ఫారం 25. పొడిగింపు ఐదేళ్లకి. పాత బండ్ల ఫీజులు ఈమధ్య బాగా పెంచారు, వెళ్లేముందు ఆ రోజు రేటు చూసుకోండి. వింటేజ్ కింద పెట్టుకుందాం అని కొందరు సలహా ఇచ్చారు. 2021లో వచ్చిన ఆ నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండాలి, నంబరులో వీఏ అని వస్తుంది, రోజువారీ తిరగడానికి వీల్లేదు. 94 మోడల్‌కి ఆ మాటే లేదు. పికప్పు పసుపు బోర్డు బండి, ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్). బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఛాసిస్ పట్టీలు టార్చి వేసి మరీ చూశాడు. ఏటవాలు కోతల గురించి అడిగాడు, చెప్పాను, తల ఊపాడు. పద్మిని పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ మొదట 4.6 శాతం, పరిమితి 3. మిక్స్చరు స్క్రూ సరిచేశాక 2.1.

కావలి నుంచి హైవే మీద నెల్లూరు వెళ్లిరావడం, ట్యాంకు నింపి మళ్లీ నింపి కొలవడం. పికప్పు ఖాళీగా ఉంటే గుంటల మీద వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, కట్టలో ఒక ఆకు తీసేయమన్నారు, తీయలేదు. 25 కిలోల బియ్యం బస్తాలు పదహారు వేస్తే బండి కుదురుకుంది. ఆ బరువుతో లీటరుకి 11.8. పద్మిని ఇద్దరు మనుషులతో 11.2. డీజిల్ చవక కాబట్టి కిలోమీటరుకి పికప్పే తక్కువ. డెబ్బై దాటితే పికప్పులో మాట వినబడదు, పద్మినిలో అరవై దగ్గర పాటలు పెట్టుకోవచ్చు.

రోహిణి కార్తె ఎండల్లో పద్మిని కోవూరు దాటాక ఆగింది. పెట్రోలు పంపు దగ్గర ఆవిరైపోయి కార్బురేటరుకి అందలేదు. పంపు మీద తడి గుడ్డ వేసి కాసేపాగితే కదిలింది. షెడ్డుకి వచ్చాక ఎగ్జాస్టుకీ పంపుకీ మధ్య అల్యూమినియం రేకు అడ్డం పెట్టి, పెట్రోలు పైపుని ఇంజనుకి ఎడంగా మళ్లించాం. ఆ తర్వాత ఏసీ లేని కారులో మనుషులు ఉడికిపోయారు గానీ పెట్రోలు ఉడకలేదు.

మిగిలిన పనులు: పద్మినికి ముందు కుడి చక్రం కింగ్ పిన్ (స్టీరింగు తిప్పితే చక్రం దేని మీద తిరుగుతుందో ఆ పిన్ను) బుష్షులు, కిట్టు వచ్చింది, రంధ్రాన్ని సరిగ్గా సైజుకి తెచ్చే రీమరు ఉన్న లేత్ షాపు కోసం చూస్తున్నాం. స్టీరింగు మీద గేరు రాడ్డు లింకులు వదులుగా ఉన్నాయి, రెండో గేరు ఒక్కోసారి పడదు. పికప్పుకి క్లచ్చు ప్లేటు, అది వర్షాలు పడేలోపు. ఖర్చులు తేలాక లెక్కలో కలుపుతాను.